కింగ్స్ లిన్ వర్తకుల బాట: ఒక నడక పర్యటన సమీక్ష

ఇంగ్లండ్ తూర్పు తీరాన, నార్ఫోక్ కౌంటీలో ఉన్న కింగ్స్ లిన్ ఒకప్పుడు ఆ దేశపు పెద్ద రేవుల్లో ఒకటి. అక్కడి పాత వీధుల్లో తిప్పుతూ మధ్యయుగపు రాజశాసనాల గురించీ, వర్తక సంఘాల గురించీ వివరించే ఒక నడక పర్యటన మీద ఈ సమీక్ష. దీన్ని నడుపుతున్నది ఒక చిన్న ప్రైవేటు సంస్థ. వ్యవధి సుమారు రెండు గంటలు. శనివారపు సంత బయలులో మొదలై, నది ఒడ్డు మీదుగా సాగి, మంగళవారపు సంత బయలులో ముగుస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భవనాలను చూపించడంలో ఈ పర్యటనకు వంక పెట్టలేము. ఆ భవనాల వెనుక ఉన్న డబ్బు లెక్కను, అధికారం కోసం జరిగిన పెనుగులాటను చెప్పడంలో మాత్రం ఇది సగం దూరమే వెళ్తుంది. చరిత్ర మీద కొంత ఆసక్తి ఉన్నవారికి టికెట్ డబ్బులు వృథా కావు. అయితే రాజు దయతలచి పట్టణానికి వరమిచ్చాడన్న భావనతో వాళ్లు ఇంటికి వెళ్లే ప్రమాదం ఉంది.

పర్యటన ఆరంభం చాలా బాగుంది. మా గైడ్ తన సంచిలోంచి రెండు వస్తువులు తీసి అందరి చేతికీ ఇచ్చారు. ఒకటి 1204లో జాన్ రాజు లిన్ పట్టణానికి ఇచ్చిన శాసనపు నకలు, రెండోది ఆ కాలపు రాజముద్రను పోలిన అచ్చు. అసలు శాసనాలు తోలుపత్రం మీద లాటిన్‌లో రాసినవి. వాటి కింద సంతకం ఉండదు. అడుగున వేలాడే మైనపు ముద్రే వాటికి ప్రాణం. ముద్రకు ఒక వైపు కత్తి పట్టుకొని సింహాసనం మీద కూర్చున్న రాజు, తిప్పి చూస్తే గుర్రం మీద స్వారీ చేస్తున్న రాజు. అరచేతిలో పట్టుకొని చూసినప్పుడు అది ఎంత బరువైన వస్తువో, చదవడం రాని మనిషికి కూడా దూరం నుంచే అది ఎలా అర్థమయ్యేదో తెలుస్తుంది. సంతలో సుంకం వసూలు చేసేవాడికి లాటిన్ వచ్చినా రాకపోయినా, ఆ బొమ్మను చూసి వెనక్కి తగ్గవలసిందే. ఈ చిన్న ఏర్పాటు ఒక్కటే పర్యటన స్థాయిని పెంచింది.

శాసనంలో ఏముందో గైడ్ చక్కగా విడదీసి చెప్పారు. లిన్ ఇకపై స్వతంత్ర పట్టణం. లండన్ హక్కులకు భంగం కలగనంతవరకు, ఇక్కడి పౌరులు రాజ్యంలో ఎక్కడికి సరుకు తీసుకుపోయినా సంత సుంకం, వంతెన సుంకం, దారి సుంకం లాంటివి కట్టనక్కర్లేదు. తమ వ్యాజ్యాలకు ఊరి బయటి న్యాయస్థానాల చుట్టూ తిరగనక్కర్లేదు. నేరారోపణ ఎదుర్కొన్నప్పుడు నార్మన్ పద్ధతిలో ద్వంద్వయుద్ధానికి దిగనక్కర్లేదు. వీటన్నిటితోపాటు, తమకంటూ ఒక మర్చెంట్ గిల్డ్, అంటే వర్తకుల సంఘం పెట్టుకోవచ్చు. ద్వంద్వయుద్ధం మాట రాగానే గుంపులో అందరూ నవ్వారు. కానీ ఉన్ని మూటలు అమ్ముకొని బతికే నడివయసు వర్తకుడికి, కత్తి పట్టి తన నిజాయితీ నిరూపించుకోనక్కర్లేదన్న హామీ చాలా విలువైనది.

నా మొదటి అభ్యంతరం ఇక్కడే. ఈ హక్కులను పర్యటన ఆసాంతం రాజు బహుమతి అన్నట్టుగానే చెప్పారు. జాన్ రాజు పాలనలో పట్టణ శాసనాలు దండిగా వెలువడ్డాయి. ఫ్రాన్సులో యుద్ధాలకు ఆయనకు డబ్బు కావాలి, పట్టణాలకు హక్కులు కావాలి. ఇరుపక్షాలూ లెక్క చూసుకొని కుదుర్చుకున్న బేరం అది. ఇదే తూర్పు ప్రాంతంలోని ఇప్స్‌విచ్‌ను చూస్తే విషయం తేటపడుతుంది. 1200 మే నెలలో జాన్ ఆ పట్టణానికి ఇచ్చిన శాసనంలో, రాజుకు ఏటా చెల్లించే పట్టణపు గుత్త మొత్తం మీద అదనంగా 100 షిల్లింగులు, అంటే 5 పౌన్లు కట్టాలన్న షరతు ఉంది. గుత్త అన్నది ఇక్కడ కీలకం. అంతకుముందు షెరీఫ్ అనే రాజోద్యోగి పట్టణంలో సుంకాలు, జరిమానాలు, అద్దెలు వసూలు చేసి, రాజుకు ముట్టవలసింది ముట్టజెప్పి, మిగిలింది తన జేబులో వేసుకునేవాడు. గుత్త నేరుగా పట్టణం చేతికి వస్తే షెరీఫ్ బెడద వదులుతుంది, మిగులు ఊరిలోనే ఉంటుంది. ఇప్స్‌విచ్ పౌరులు శాసనం చేతికందిన కొద్ది వారాలకే, జూన్ 29న సెయింట్ మేరీ చర్చి ఆవరణలో సమావేశమై పట్టణ పాలన చూసే ఇద్దరు బెయిలిఫ్‌లను, అనుమానాస్పద మరణాల వంటివి విచారించే నలుగురు కరోనర్లను ఎన్నుకున్నారు. తర్వాత 12 మంది ముఖ్యులను ఎన్నుకున్నారు, పట్టణానికి ఒక ఉమ్మడి ముద్ర చేయించారు, గిల్డ్‌కు ఆల్డర్మన్‌ను, అంటే సంఘం పెద్దను, నియమించుకున్నారు. ఇంత వేగంగా కదిలినవారు, రాజు ఏమిస్తాడా అని చేతులు కట్టుకొని ఎదురుచూసినవారు కాదు. ఈ పోలికకు గైడ్ రెండు నిమిషాలు కేటాయించి ఉంటే, తోలుపత్రానికి ఇంత విలువ ఎందుకో గుంపులో అందరికీ అర్థమయ్యేది. పైగా, కొత్త రాజు గద్దెనెక్కినప్పుడల్లా పాత శాసనాన్ని ఖాయం చేయించుకోవడం, దానికి మళ్లీ రుసుము చెల్లించడం పట్టణాలకు తప్పని ఖర్చు. ఆ ప్రస్తావన కూడా రాలేదు.

లిన్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. దాన్ని పర్యటన ఒక హాస్యకథగా మార్చేసింది. అప్పట్లో ఈ ఊరి పేరు కింగ్స్ లిన్ కాదు, బిషప్స్ లిన్. ఊరి మీద ప్రభువు నారిచ్ బిషప్. 1204లో రాజు దగ్గర శాసనం సంపాదించడంలో చొరవ చూపినవాడు కూడా అప్పటి బిషప్ జాన్ డి గ్రేయే. బిషప్‌కూ, ఆరండెల్ ఎర్ల్‌కూ పూర్వం నుంచి ఉన్న హక్కులు అలాగే ఉంటాయని శాసనంలోనే మెలిక ఉంది. పట్టణానికి ఏ నగరపు ఆచారాలు నమూనాగా తీసుకోవాలన్న ఎంపిక బిషప్‌కు దక్కింది, ఆయన ఆక్స్‌ఫర్డ్‌ను ఎంచుకున్నాడు. అంటే ఒక చేత్తో ఇచ్చిన స్వాతంత్ర్యాన్ని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకొనే ఉన్నారు. మేయర్‌కు పరపతి పెరిగే కొద్దీ బిషప్‌తో పేచీలు పెరిగాయి. 1377లో బిషప్ హెన్రీ డెస్పెన్సర్ లిన్‌కు వచ్చినప్పుడు, మేయర్ ముందు మోసే అధికార దండాన్ని తన ముందు మోయాలని పట్టుబట్టాడు. జనం ఒప్పుకోరని ఊరిపెద్దలు హెచ్చరించినా వినలేదు. ఊరేగింపు మొదలవగానే గుంపు ఎగబడింది, బిషప్ గాయపడ్డాడు. గైడ్ ఈ సంఘటనను అభినయించి చూపించారు, అందరూ నవ్వారు. ఒక కర్ర కోసం ఇంత గొడవ ఎందుకు జరిగిందో మాత్రం చెప్పలేదు. దండం ఎవరి ముందు నడిస్తే సుంకమూ, న్యాయస్థానమూ, రేవూ వారివని ఆ కాలపు మనుషులు చదువుకునేవారు. ఇప్పటి భాషలో అది ఆస్తి తగాదా.

ఇక ట్రినిటీ గిల్డ్‌హాల్, అంటే లిన్ వర్తక గిల్డ్ అయిన ట్రినిటీ గిల్డ్ సమావేశ భవనం. పర్యటన మొత్తంలో నేను ఎక్కువసేపు చూసింది దీన్నే. 1421లో పాత భవనం కాలిపోయాక 1422 నుంచి 1428 మధ్య దీన్ని కట్టారు. ముఖభాగం మొత్తం చదరంగపు పలకలా నలుపు, తెలుపు గళ్లతో ఉంటుంది. తెల్ల గళ్లు సున్నపురాయి, నల్లగా మెరిసేవి పగలగొట్టి చదును చేసిన చెకుముకి రాళ్లు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో నల్ల గడిలో అనేక ముక్కలు ఇమిడి ఉన్నాయని, అతుకుల దగ్గర సున్నం సన్నని గీతలా మాత్రమే కనిపిస్తుందని తెలుస్తుంది. చెకుముకి ఈ ప్రాంతంలో సులువుగా దొరికే రాయే. దాన్ని ఇంత సమానంగా చెక్కించడానికే డబ్బు అయ్యేది. చవక రాయితో ఖరీదైన గోడ కట్టించి, సంతకు వచ్చే ప్రతివాడి కంటా పడేలా చర్చికి ఎదురుగా నిలబెట్టిన వర్తకుల లౌక్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేము.

గిల్డ్ పనితీరు గురించి గైడ్ చెప్పినది సరైనదే కానీ పలుచన. లిన్‌కు నమూనా అయిన ఆక్స్‌ఫర్డ్‌కు రెండో హెన్రీ ఇచ్చిన శాసనంలో, గిల్డ్‌లో సభ్యుడు కానివాడు పట్టణంలోనూ శివారులోనూ వ్యాపారం చేయరాదని స్పష్టంగా ఉంది. గిల్డ్ అసలు బలం ఈ వాక్యంలో ఉంది. సభ్యత్వం ఉంటే సంతలో నిలబడి చిల్లరగా అమ్ముకోవచ్చు, లేకపోతే బయటివాడిగా సుంకం కట్టి, గిల్డ్ విధించిన షరతుల ప్రకారం అమ్మాలి. సరుకు సంతకు చేరకముందే దారిలో కాపు కాసి కొనేయడాన్ని నేరంగా చూసేవారు. కొన్ని పట్టణాల్లో ఒక సభ్యుడు చవకగా పెద్ద సరుకు కొంటే, పక్కనున్న తోటి సభ్యుడు అదే ధరకు తనకూ వాటా ఇమ్మని అడిగే హక్కు ఉండేది. సభ్యత్వం ఎలా దొరికేదన్న ప్రశ్నకు లెస్టర్ పట్టణపు గిల్డ్ జాబితాలు మంచి జవాబు. 1196 నుంచి మొదలయ్యే ఆ తోలుపత్రపు చుట్టల్లో కొత్తగా చేరినవారి పేర్లు, కట్టిన రుసుములు, వారికి పూచీ నిలిచినవారి పేర్లు ఉన్నాయి. తండ్రి స్థానం కొడుక్కి దక్కితే ప్రవేశ రుసుము ఉండేది కాదు. గుంపులో ఒకాయన సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. గైడ్ నవ్వి, డబ్బుండాలి అని ఒక్క మాటలో ముగించారు. అబద్ధం కాదు, కానీ టికెట్ కొని వచ్చినవాడికి ఆ జవాబు చాలదు.

లిన్‌లో ట్రినిటీ గిల్డ్ వ్యాపారంతో ఆగలేదు. దాని ఆల్డర్మన్ మేయర్ తర్వాత అంతటివాడు. మేయర్‌ను ఎన్నుకునే 12 మంది బృందంలో మొదటి నలుగురిని ఆయనే నియమించేవాడు, ఆ నలుగురు మిగతా ఎనిమిది మందిని చేర్చుకునేవారు. గిల్డ్ పట్టణానికి అప్పులిచ్చేది కూడా. అప్పిచ్చినవాడే ఎన్నికల బృందాన్ని నియమించే చోట పాలన ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. దీని మీద అసంతృప్తి 15వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో బద్దలైంది. ఊరి రికార్డుల్లో జనాన్ని మూడు తరగతులుగా రాశారు: బలవంతులు, మధ్యములు, కిందివారు. 1411 నుంచి 1416 వరకు మధ్యములు, కిందివారు కలిసి బలవంతుల మీద తిరగబడి, మేయర్ ఎన్నిక పద్ధతి మార్చాలని, ఊరి డబ్బు లెక్క చెప్పాలని పట్టుబట్టారు. రాజు దాకా వెళ్లిన ఆ తగవు చివరికి పెద్దలకే అనుకూలంగా ముగిసింది. అది సద్దుమణిగిన కొన్నేళ్లకే ఈ గళ్ల గోడ లేచిందన్న సంగతి నా దృష్టిలో ఆ భవనం గురించి చెప్పవలసిన అతి ముఖ్యమైన విషయం. పర్యటనలో దాని ఊసే లేదు. వర్తక సంఘం అంటే అన్నదమ్ముల్లా మెలిగిన మంచి మనుషుల కూటమి అన్న చిత్రమే మిగిలింది. పేదవారైన సభ్యులను ఆదుకోవడం, చనిపోయినవారికి పూజలు చేయించడం గిల్డ్ చేసిన మాట నిజమే. గడప బయట ఉన్నవారి సంగతి కూడా చెప్పాలి కదా.

సెయింట్ మార్గరెట్స్ చర్చిలో ఇచ్చిన సమయం మరీ తక్కువ. 1364లో మరణించిన మేయర్ రాబర్ట్ బ్రాంచ్ సమాధి మీది పెద్ద ఇత్తడి ఫలకం అక్కడ ఉంది. ఇద్దరు భార్యల మధ్య ఆయన చేతులు జోడించి నిలబడి ఉంటాడు. చూడవలసింది మాత్రం వారి కాళ్ల కింద సన్నని పట్టీలో చెక్కిన విందు దృశ్యం. పొడవైన బల్ల వెనుక అతిథులు వరుసగా కూర్చున్నారు, వాయిద్యగాళ్లు వాయిస్తున్నారు, పళ్లేల్లో నెమళ్లను ఈకలతో సహా మోసుకొస్తున్నారు. ఫ్లెమిష్, అంటే నేటి బెల్జియం ప్రాంతపు, పనితనం కనుక, ఫలకం కూడా సముద్రం దాటి వచ్చిన సరుకే. లిన్ వర్తకుడు ఉన్ని, ధాన్యం, ఉప్పు అమ్మి ఏమి కొనుక్కున్నాడో తెలియాలంటే దీని ముందు మోకాళ్ల మీద కూర్చొని చూడాలి. గుంపు అప్పటికే తలుపు దాటిపోవడంతో నేను పరుగున వెళ్లి కలుసుకోవలసి వచ్చింది. పర్యటన ముగిశాక తీరిగ్గా మళ్లీ వెళ్లి చూడమని నా సలహా.

నది ఒడ్డున ఉన్న హాన్స్ హౌస్ దగ్గర మాత్రం గైడ్ ప్రతిభ పూర్తిగా బయటపడింది. బాల్టిక్, ఉత్తర సముద్ర తీరాల్లోని జర్మన్ వర్తక నగరాల కూటమి హాన్సియాటిక్ లీగ్. ఇంగ్లండుతో దీర్ఘకాలం సాగిన కలహం 1474 ఉట్రెక్ట్ ఒప్పందంతో ముగిశాక, ఆ కూటమికి లిన్‌లో స్థలం దక్కింది. 1475లో కట్టిన ఈ గోదాము 1751 దాకా వారి చేతుల్లోనే ఉంది. ఇంగ్లండులో హాన్సియాటిక్ వర్తకులు కట్టుకున్నవాటిలో నేటికీ నిలిచి ఉన్నది ఇది ఒక్కటే. కింద సరుకు, పైన నివాసం, మధ్యలో పొడవైన ఇరుకు ముంగిలి, ఒక కొస వీధికి, ఇంకో కొస నీటికి. కలప, మైనం, బొచ్చుతోళ్లు ఇటు దిగుతుంటే, ఇంగ్లీషు బట్ట అటు ఎక్కేది. స్థానిక గిల్డ్ ఎంత కట్టుదిట్టంగా ఉన్నా, బయటి కూటమి రాజుతో నేరుగా మాట్లాడుకొని తన కోట కట్టుకోగలిగిందన్న పాయింటును గైడ్ చాలా స్పష్టంగా పట్టుకున్నారు. పర్యటన అంతా ఈ తరహాలోనే సాగి ఉంటే నాకు ఫిర్యాదు ఉండేది కాదు.

1683లో మొదలుపెట్టిన కస్టమ్ హౌస్, అంటే రేవు సుంకాల కార్యాలయం, అందంగానే ఉంటుంది కానీ ఈ విషయానికి సంబంధించినది కాదు. ఫొటోలకు అక్కడ ఇచ్చిన సమయం చర్చిలో ఇచ్చి ఉండాల్సింది.

కింగ్ స్ట్రీట్‌లోని సెయింట్ జార్జ్ గిల్డ్‌హాల్ దగ్గర ఒక గందరగోళం దొర్లింది. ఇంగ్లండులో మిగిలిన మధ్యయుగపు గిల్డ్‌హాళ్లలో ఇదే అతి పెద్దది. దీన్ని కూడా వర్తక గిల్డ్ భవనమే అన్నట్టు పరిచయం చేశారు. దీన్ని కట్టినది 1376లో ఏర్పడిన సెయింట్ జార్జ్ సోదర సంఘం. అది ఒక పునీతుడి పేరిట పూజలు, విందులు, పరస్పర సహాయం కోసం ఏర్పడిన భక్త సమాజం. వర్తకులు అందులోనూ ఉండేవారు, కానీ పట్టణంలో ఎవరు అమ్మాలి, ఎవరు అమ్మకూడదు అని శాసించే అధికారం దానికి లేదు. ఆ అధికారం 1204 శాసనం నుంచి పుట్టినది. గిల్డ్ అన్న పేరుతో కనీసం మూడు రకాల సంఘాలు ఉండేవి: పట్టణ వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న వర్తక గిల్డ్, ఒక్కో చేతివృత్తికి ఒక్కో వృత్తి గిల్డ్, ఇలాంటి భక్త సమాజాలు. 1388లో రెండో రిచర్డ్ ప్రభుత్వం దేశంలోని గిల్డులన్నిటినీ తమ నియమాలు, ఆస్తులు తెలియజేయమన్నప్పుడు లిన్ నుంచి వెళ్లిన జవాబుల కట్ట పెద్దది. అందులో ఎక్కువ భాగం చిన్న చిన్న భక్త సమాజాలవే. ఈ తేడాను మొదట్లోనే ఒక నిమిషంలో చెప్పేసి ఉంటే రెండు హాళ్లనూ ఒకే గాటన కట్టే పొరపాటు జరగదు.

మంగళవారపు సంత బయలులో ముగింపు క్లుప్తంగా, బాగా ఉంది. ఎనిమిదో హెన్రీ బిషప్ చేతుల్లోంచి పట్టణాన్ని లాక్కొని 1537 శాసనంతో దాన్ని కింగ్స్ లిన్‌గా మార్చడం, పదేళ్ల తర్వాత 1547లో ఆరో ఎడ్వర్డ్ కాలపు చట్టంతో భక్త సమాజాల ఆస్తులు రాజు ఖజానాకు పోవడం, ఈ రెండూ ఇక్కడ చెప్పారు. మూడు వందల ఏళ్లకు పైగా బిషప్‌తో పోరాడిన పట్టణం చివరికి యజమానిని మాత్రమే మార్చుకుందా అని గుంపులోని ఒకావిడ అడిగారు. గైడ్ ఆలోచించి, మేయర్‌కు ఆ మార్పు బాగానే కలిసొచ్చిందని జవాబిచ్చారు. ఆ రోజు విన్న మంచి జవాబుల్లో ఇదొకటి.

వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్, ఈలీ మీదుగా నేరుగా రైలుంది, ప్రయాణం రెండు గంటల లోపే. స్టేషన్ నుంచి పాత పట్టణానికి నడిచిపోవచ్చు. నది గాలి చల్లగా కొడుతుంది. కొన్ని సందుల్లో గుండ్రాళ్లు పరిచి ఉంటాయి కనుక మెత్తని అడుగున్న బూట్లు మంచివి. చక్రాల కుర్చీ వాడేవారు దారి గురించి ముందే సంస్థతో మాట్లాడుకోవాలి. చిన్నపిల్లలకు ముద్ర అచ్చు, నెమళ్ల విందు తప్ప మిగతాది విసుగే. పర్యటన టికెట్‌లో మ్యూజియం ప్రవేశం కలిసి ఉండదు. ట్రినిటీ గిల్డ్‌హాల్ భవన సముదాయంలోనే ఉన్న స్టోరీస్ ఆఫ్ లిన్ మ్యూజియంను పర్యటనకు ముందే చూసి రావడం మేలు. అక్కడి కింగ్ జాన్ కప్పును జాన్ రాజే ఇచ్చాడని ఊరిలో చాలాకాలం చెప్పుకున్నారు. జాన్ 1216 అక్టోబరులో లిన్ నుంచి బయలుదేరి, దారిలో వాష్ అఖాతపు బురదలో సామాను పోగొట్టుకొని, కొద్ది రోజులకే మరణించాడు. బంగారు పూత మీద నీలి, ఆకుపచ్చ ఎనామెల్ పనితో మెరిసే ఆ వెండి పాత్ర దాదాపు 1340 నాటిది. గైడ్ ఈ సంగతి నిజాయితీగానే చెప్తారు, కానీ అప్పటికి మ్యూజియం మూసే వేళ దగ్గరపడుతుంది.